జ్వరం పోయింది, నొప్పి పోలేదేం?

“డాక్టరుగారూ, నాకు చికున్‌గున్యా వచ్చి తగ్గి అయిదు నెలలయింది. జ్వరం మళ్ళీ రాలేదు. కాని ప్రొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు. చపాతీ పిండి కలపలేను, బకెట్టు ఎత్తలేను. ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువై ఇలా జరుగుతోందని ఇంట్లో అందరూ అంటున్నారు. శక్తి పెరగడానికి మంచి టానిక్కు ఏదైనా వ్రాయండి.” ఆదోని నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరమిది.

దీనికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కాని అలా చెయ్యను. ఇదే ప్రశ్నకు ఒకప్పుడు రెండు ముక్కల్లో జవాబు చెప్పి, ఒక మనిషి చేతులకు తీరని నష్టం కలగడానికి నేనూ కారణమయ్యాను. ఆ సంగతి చెప్తే ఈ సోదరికి కావలసిన జవాబు అందులోనే దొరుకుతుంది.

2006లో నేను ఎమ్మిగనూరు ప్రాంతంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. అంతకు ముందు సంవత్సరం చివర్లో రాయలసీమలో మొదలైన చికున్‌గున్యా జ్వరాలు ఆ ఏడు ఊళ్ళకు ఊళ్ళను మంచం పట్టించాయి. ఇంటికి ఒకరు కాదు, ఇల్లంతా పడిపోయేది. వంట చేసేవాళ్ళు లేక ప్రక్క వీధి నుంచి జొన్నరొట్టెలు తెప్పించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఆటోలో వచ్చినవాళ్ళు దిగలేకపోయేవారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, వంగి వంగి నడుస్తూ వరుసలో నిలబడేవారు. చికున్‌గున్యా అన్న మాటకు అర్థమే అది. 1952-53లో ఆఫ్రికాలోని టాంగన్యీకాలో, అంటే ఇప్పటి టాంజానియాలో, ఈ జ్వరాన్ని మొదటిసారి గుర్తించినప్పుడు అక్కడి మకొండే జాతివారు తమ భాషలో ‘మనిషిని వంచేసేది’ అన్న అర్థంలో పెట్టుకున్న పేరు. మనవాళ్ళకు మాత్రం అందులో ‘చికెన్’ వినిపించింది. కోడి తింటే వస్తుందని కొన్నాళ్ళు కోడిమాంసం కొనేవాళ్ళు లేకుండా పోయారు. పాపం, కోడికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

ఈ జబ్బు మనకు అప్పుడే క్రొత్త కూడా కాదు. 1963లో కలకత్తాలో, 1965లో మన విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రిలలో, 1973లో మహారాష్ట్రలోని బార్శీలో వచ్చి వెళ్ళింది. తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా కనిపించలేదు. అందువల్ల మా తరం డాక్టర్లకు అది పుస్తకంలో ఒక పేరాగ్రాఫు మాత్రమే. కర్నూలు వైద్య కళాశాలలో చదివినప్పుడు దాన్ని గురించి నన్ను ఎవరూ పరీక్షలో అడగలేదు, నేనూ చదవలేదు. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 13 లక్షల 90 వేల మందికి ఈ జ్వరం వచ్చినట్లు లెక్క వేశారు. ఇది ఆసుపత్రి లెక్కల్లోకి ఎక్కినవారి సంఖ్య. మంచంలోనే పడుకుని లేచినవారిని ఎవరు లెక్కించారు?

మా పడమటి కర్నూలులో అది అంతగా ప్రబలడానికి నీళ్ళ ఎద్దడి కూడా ఒక కారణమే. కొళాయి రోజూ రాని ఊళ్ళో ఏ ఇల్లాలయినా ఏం చేస్తుంది? డ్రమ్ములు, గంగాళాలు, తొట్లు, కడవలు అన్నీ నింపి పెట్టుకుంటుంది. చికున్‌గున్యాను మోసే ఏడిస్ దోమకు మురికి కాలువ అక్కర్లేదు. ఇలా నిలవ ఉన్న మంచినీళ్ళే దానికి కావాలి. పైగా అది కుట్టేది పగటి పూట. చీకటి గదిలో గుంట మగ్గం మీద కాళ్ళు క్రిందికి వదిలి ప్రొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చునే నేతగాడు ఆ దోమకు విస్తట్లో వడ్డించిన అన్నం లాంటివాడు. ఎమ్మిగనూరు అంటే మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం, దుప్పట్లు, తువ్వాళ్ళు కదా. ఆ ఏడు ఎన్ని మగ్గాలు ఆగాయో ఆ వీధుల్లో నడిస్తే చెవులకే తెలిసేది.

ఆమె అలాంటి ఇంటి మనిషే. నలభై ఏళ్ళుంటాయి. భర్త మగ్గం నేస్తాడు, ఆమె రాట్నం మీద కండెలు చుడుతుంది. మూడు రోజులు జ్వరం, ఒంటి మీద ఎర్రటి దద్దు, మణికట్లు, వేళ్ళు, చీలమండలు వాచి వచ్చింది. ఆ రోజుల్లో మా దగ్గరున్నవి పారాసిటమాల్, నొప్పి మాత్రలు, క్లోరోక్విన్. అందరికిచ్చినట్లే ఆమెకూ ఇచ్చాను. (క్లోరోక్విన్ మీద అప్పట్లో మాకు పెద్ద నమ్మకం. అదే జ్వరం చెలరేగిన రీయూనియన్ ద్వీపంలో ఫ్రెంచి వైద్యులు పరీక్షించి చూసి, జ్వరం దశలో దానివల్ల లాభమేమీ లేదని 2008లో ప్రకటించారు.) పది రోజుల్లో లేచి తిరిగింది. సంతోషించాను.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. “ఏళ్లు ముడుసుకోవు సారూ. కండె పట్టుకుంటే జారిపోతాంది. ఎండ ఎక్కినంక కొంచెం మేలు” అన్నది. బయట నూటయాభై మంది ఉన్నారు. “వైరస్ నొప్పులమ్మా. కొందరికి ఆరు నెలలుంటాయి. అవే పోతాయి” అని చెప్పి నొప్పి మాత్రలు వ్రాసి పంపాను. నేను చెప్పింది పుస్తకం ప్రకారం తప్పు కాదు. ఎక్కువమందికి అలాగే పోతాయి కూడా. కాని ఆమె చేతుల్ని నా చేతిలోకి తీసుకుని చూడలేదు. ‘ఎండ ఎక్కినంక మేలు’ అన్న మాటలోనే జబ్బు పేరు ఉంది. అది నేను వినిపించుకోలేదు.

రెండుసార్లు నా దగ్గర ఇదే మాట విన్న తర్వాత ఆమె రావడం మానేసింది. ఊళ్ళో ఒక సూది డాక్టరు దగ్గరకు వెళ్ళింది. అతను ఒక ఇంజక్షను, కాగితం పొట్లంలో పేరు లేని చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. మర్నాడే నొప్పి మాయం! మళ్ళీ రాట్నం తిప్పింది. రెండు మూడు నెలల్లో ముఖం గుండ్రంగా నిండింది, ఒళ్ళు చేసింది. ఇంట్లోవాళ్ళు ఆరోగ్యం కుదురుకున్నదనుకున్నారు. ఆ మాత్రలు స్టెరాయిడ్లు.

ఈ మాయ క్రొత్తది కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు మంచం మీది నుంచి లేవలేని కీళ్ళవాతం రోగి ఒకామెకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్లిచ్చాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. రెండేళ్ళలో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తర్వాతే తెలిసింది, మందు ఆపితే జబ్బు తిరిగి వస్తుందని, ఆపకుండా వాడితే షుగరు పెరిగి, ఎముకలు బోలుపడి, ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ ఊరడం మానేస్తుందని. మా సూది డాక్టరు ఆ కథలో మొదటి సగం మాత్రమే నేర్చుకున్నాడు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. జ్వరం పోయాక నొప్పి ఎందుకుంటుంది?

ఆదోనివాళ్ళకు ఇది చెప్పడం సులువు. పత్తి జిన్నింగు మిల్లులో బేలుకు నిప్పంటుకుంటే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. పైన మంట ఆర్పేస్తారు. అందరూ హమ్మయ్య అనుకుంటారు. కాని బేలు లోపల నిప్పు కనబడకుండా రాజుతూనే ఉంటుంది. రెండో రోజు, మూడో రోజు మళ్ళీ పొగ వస్తుంది.

వైరస్ శరీరంలో దిగిన కొన్ని గంటల్లోనే దాడికి గురైన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతాయి. ‘దొంగలు పడ్డారు, తలుపులు వేసుకోండి’ అని ప్రక్క కణాలకు చేసే దండోరా అది. లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు 1957లో దాన్ని కనిపెట్టారు. మా కర్నూలు వైద్య కళాశాల పుట్టిన సంవత్సరమే! జ్వరం, ఒళ్ళు నొప్పులు చాలావరకు ఈ దండోరా వల్ల వచ్చేవే. తర్వాత వారం తిరిగేలోగా ఆ వైరస్‌ను గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీలు తయారవుతాయి. రక్తంలో వైరస్ తుడుచుకుపోతుంది. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రావడం చాలా అరుదు, అంత గట్టి పని చేస్తాయవి.

మరి కీళ్ళ సంగతి? రీయూనియన్ ద్వీపంలో 2005-06లో జనాభాలో దాదాపు మూడో వంతు మందికి ఈ జ్వరం వచ్చింది. అక్కడి పరిశోధకులు ఆ తర్వాత కూడా రోగులను వదలకుండా గమనించారు. జ్వరం వచ్చిన 18 నెలలకు ఒక రోగి కీలు లోపలి పొరను తీసి చూస్తే, చెత్తను మింగి శుభ్రం చేయవలసిన మాక్రోఫేజ్ అనే రక్షక కణాల్లోనే వైరస్ ఆనవాళ్ళు కనిపించాయి. ఆ ఆనవాళ్ళు కొందరిలో రక్షక దళాన్ని ఇంటికి పోనివ్వకుండా రెచ్చగొడుతూ ఉంటాయని అనుమానం. సింగపూరు పరిశోధకులు 2013లో ఎలుకల మీద ఇంకో విచిత్రం చూపించారు. సి.డి.4 అనే తెల్లకణాలు లేని ఎలుకలకు ఈ వైరస్ ఎక్కించినా కాళ్ళ వాపు చాలా తక్కువగా వచ్చింది. అంటే కీలును వాపెక్కించడంలో వైరస్ కంటే, దాని మీదికి ఉరికిన మన సైనికుల పాత్రే పెద్దదన్న మాట.

కాబట్టి సోదరీ, మీకు శక్తి తక్కువ కాలేదు. ఉన్న శక్తి నిలబడవలసిన చోట నిలబడక కీళ్ళ మీద పడింది. ఆ నిప్పుకు గాలి విసరాలని టానిక్కు అడుగుతున్నారు మీరు. (భయపడకండి, బజారులో దొరికే టానిక్కులకు ఆ మాత్రం బలం కూడా లేదు. డబ్బు మాత్రం పోతుంది.)

కోవిడ్ కాలంలో ఇదే సంగతి ప్రపంచమంతా కళ్ళారా చూసింది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు మా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. మొదటి వారం బాగానే తిరిగిన మనిషి రెండో వారంలో ఆయాసంతో కుప్పకూలేవాడు. అప్పటికి వైరస్ తగ్గుముఖం పడుతుంటే, ఊపిరితిత్తుల్లో మన రక్షక కణాలు రేపిన వాపు పెరుగుతుండేది. ఆ జూన్‌లో ఇంగ్లండువారు పెద్ద పరీక్ష చేసి, డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవారిలో మరణాలను తగ్గిస్తుందని తేల్చారు. అదే పరీక్షలో, ఆక్సిజన్ అక్కర్లేనివారికి దానివల్ల ప్రయోజనమేమీ కనబడలేదు. ఈ రెండో సగాన్ని జనం చదవలేదు. 2021లో దగ్గు వచ్చిన రోజే స్టెరాయిడ్ మింగినవారు ఎందరో. షుగరు ఉన్నవారిలో బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి అదీ ఒక కారణమే. మందు మంచిదా చెడ్డదా అని నన్ను అడుగుతారు. ఎప్పుడు, ఎవరికి, ఎన్నాళ్ళు అని అడగరు.

రక్షక దళానికి పని అయిపోయిందని చెప్పి వెనక్కు పిలిచేవారు ఎవరు? దానికీ కణాలున్నాయి. జపానుకు చెందిన షిమోన్ సకగూచి 1995లో వాటిని వేరుచేసి చూపించినప్పుడు చాలామంది నమ్మలేదట. తర్వాత అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ కణాలకు ఆయువుపట్టు అయిన జన్యువును పట్టుకున్నారు. ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఇచ్చారు. బండికి ఎద్దులెంత ముఖ్యమో పగ్గాలూ అంతే ముఖ్యమని మా రైతులకు తెలుసు. రోగనిరోధక శక్తి పెంచుతామని ప్రకటించే పొడుల కంపెనీలకే తెలియదు.

ఆమె విషయానికి వస్తాను. డబ్బు చాలక సూదులు, పొట్లాలు ఒక్కసారిగా ఆపేసింది. నొప్పి రెండింతలై తిరిగి వచ్చింది. ఏడాదిన్నర తర్వాత నా దగ్గరకు వచ్చినప్పుడు గుర్తు పట్టలేదు. రెండు చేతుల పిడికిలి ఎముకలు ఉబ్బి, వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు వాలిపోయి ఉన్నాయి. కర్నూలు పెద్దాసుపత్రికి పంపాను. అది కీళ్ళవాతం, రుమటాయిడ్ ఆర్థరైటిస్, అని అక్కడ తేల్చారు. చికున్‌గున్యాయే తెచ్చిందా, లోపల నిద్రపోతున్నదాన్ని లేపిందా అన్నది ఒక్క మనిషిలో తేల్చి చెప్పడం కష్టం. నాలుగో నెలలోనే చికిత్స మొదలుపెట్టి ఉంటే ఆ వేళ్ళు అంతగా వంగేవి కావని చెప్పడం మాత్రం కష్టం కాదు. అందుకే ఈ సోదరి ఉత్తరంలో ‘అయిదు నెలలు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను.

మొదటి రెండు మూడు వారాల నొప్పికి పారాసిటమాల్, నీళ్ళు, విశ్రాంతి చాలు. డెంగ్యూ కాదని తేలేదాకా ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటివి ముట్టవద్దు, రక్తస్రావం కావచ్చు. మూడు నెలల లోపు చాలామందికి సర్దుకుంటుంది. ఆ రోజుల్లో గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెట్టి మెల్లగా పిడికిలి మూసి తెరవడం, గంటకొకసారి మగ్గం దిగి నాలుగడుగులు వెయ్యడం మేలు చేస్తాయి. మూడు నెలలు దాటాక కూడా ప్రొద్దున లేవగానే అరగంట, గంట సేపు కీళ్ళు బిగుసుకుపోయి ఉండి, పని చేసేకొద్దీ వదులవుతుంటే, రెండు చేతులూ ఒకే తీరుగా వాస్తుంటే, అది ఊరికే కూర్చోవలసిన నొప్పి కాదు. పని చేసేకొద్దీ పెరిగే ముసలితనపు మోకాలి నొప్పికి ఇది పూర్తిగా తలక్రిందులు. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి., యాంటీ సి.సి.పి. రక్తపరీక్షలు చేయించి కీళ్ళ వైద్యునికి చూపించాలి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఒక్కటి పాజిటివ్ వచ్చిందని బెంబేలు పడకండి. వైరస్ జ్వరాల తర్వాత అది తాత్కాలికంగా రావచ్చు.

అవసరమైతే హైడ్రాక్సీక్లోరోక్విన్, మెథోట్రెక్సేట్ లాంటి మందులిస్తారు. క్లోరోక్విన్ జ్వరంలో పనిచెయ్యలేదన్నారు, దాని చెల్లెల్ని ఇప్పుడెందుకిస్తారని అడుగుతారేమో. జ్వరంలో మనం వైరస్‌ను చంపుతుందనుకున్నాం. ఇక్కడ రాజే నిప్పును తగ్గించడానికి వాడతాం. మెథోట్రెక్సేట్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అది వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకునే మందు. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. చీటీ మీద వారం పేరు వ్రాయించుకోండి. గర్భిణులు, పిల్లలు కావాలనుకునేవారు వాడకూడదు. మధ్య మధ్య లివరు, రక్తకణాల పరీక్షలు తప్పవు, మద్యం పనికిరాదు.

టీకా ఉందా అని కూడా అడుగుతున్నారు. 2023లో అమెరికాలో మొదటి టీకాకు అనుమతి దొరికింది. తర్వాత ముఖ్యంగా వృద్ధుల్లో తీవ్రమైన దుష్ఫలితాలు కనిపించడంతో 2025లో దాన్ని అక్కడ నిలిపివేశారు. అంతకు ముందే మరో టీకా కూడా వచ్చింది. మన పిల్లలకు ప్రభుత్వం వేసే టీకాల పట్టికలో ఇది లేదు. అందుకని ఇంకా డ్రమ్ము మూత, పీచు, ఇవే మన ఆయుధాలు. నీళ్ళు పారబోస్తే చాలదు. ఆ దోమ గుడ్లు నీటి అంచుకు పైన డ్రమ్ము గోడకు అతుక్కుని, నెలల తరబడి ఎండినా బ్రతికే ఉంటాయి. క్రొత్త నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. వారానికొకసారి లోపలి గోడ గట్టిగా రుద్ది కడిగి, మళ్ళీ నింపి, గుడ్డ కట్టి మూత పెట్టాలి.

ఆమె ఇప్పుడు బాగానే ఉంది. బాగానే అంటే, నొప్పి లేదు, వాపు లేదు, బుధవారం బుధవారం మాత్ర వేసుకుంటుంది. వంగిన వేళ్ళు వంగినట్లే ఉన్నాయి. కండెలు చుట్టడం ఎప్పుడో మానేసింది. క్రిందటి వానాకాలంలో మనవరాలికి జ్వరమని తీసుకుని వచ్చింది. పరీక్ష చేయిస్తే చికున్‌గున్యాయే. పిల్ల మణికట్లు, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూశాను. ఆమె నన్నే చూస్తూ కూర్చుంది.

“దీనికీ నా మాదిరి అవుతాదా సారూ?”

“చాలావరకు కాదమ్మా. కాని ఇన్నాళ్ళుంటే ఊరుకోవద్దు” అని, మూడు నెలల తర్వాతి తేదీ ఒకటి చీటీ మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చాను. ఆమె ఆ చీటీ మడిచి, ఆ వంకర వేళ్ళతోనే కొంగున ముడి వేసుకుంది. ఆ తేదీకి పిల్లను తీసుకుని వచ్చింది కూడా. పిల్ల పిడికిలి బిగించి చూపించి, నా బల్ల మీది స్టెతస్కోపు తీసుకుని ఆడుకోవడం మొదలుపెట్టింది.